స్పీచ్ థెరపీ, సినిమా డిగ్రీలు చివరి దిక్కు కావు

అయ్యా,

ఇంటర్ పూర్తయిన పిల్లల కోసం నెల్లూరులో జరిపిన అవగాహన సదస్సు గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త వేశారు. వేదిక మీద ఎవరెవరు కూర్చున్నదీ, ఎవరు ఎవరికి శాలువా కప్పిందీ వివరంగానే రాశారు. స్పీచ్ థెరపీ డిగ్రీ గురించి అడిగిన అమ్మాయికి ఒక అధికారి “అది డిప్లొమా లాంటిదమ్మా, ఎక్కడా సీటు రాకపోతే అప్పుడు చూసుకో” అని చెప్పారట. సినిమా కోర్సుల గురించి అడిగిన కుర్రాడికి “ముందు బీటెక్ చెయ్యి, సరదాలు తర్వాత” అన్నారట. హాలంతా నవ్వారని కూడా రాశారు. అది చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. వేదిక మీద అంతమంది చదువుకున్నవాళ్లు ఉండి ఒక్కరైనా అది తప్పని చెప్పలేదు. మీ విలేకరి కూడా కనుక్కుని రెండు వాక్యాలు కలపలేదు.

ఆ అమ్మాయి అడిగిన స్పీచ్ థెరపీ చదువు పేరు బీఏఎస్‌ఎల్‌పీ, అంటే వినికిడి, మాట లోపాలకు చికిత్స నేర్పే చదువు. ఇంటర్‌లో సైన్స్ చదివినవాళ్లకు నాలుగేళ్ల డిగ్రీ, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం కిందకు వచ్చే వృత్తి ఇది. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు పెడితే శిక్ష ఉంది. మైసూరులో దీనికోసమే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1960లలోనే వచ్చింది. వినికిడి, మాట లోపాల కోసమే ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. పసిపిల్లల వినికిడి పరీక్ష, చెవి మిషన్ అమర్చడం, నత్తి, గ్రహణం మొర్రి ఆపరేషన్ తర్వాత మాట సరిచేయడం, గొంతు పోయిన టీచర్లకు చికిత్స, పక్షవాతం వచ్చి మాట పడిపోయినవారికి మళ్లీ మాట నేర్పడం, మింగలేనివారికి మింగడం నేర్పడం, ఇవన్నీ ఆ నాలుగేళ్లలో నేర్చుకుంటారు. ఇంత పనిని ఎక్కడా సీటు రానివాళ్లకు వదిలేయమనడం ఏం సలహా?

మా తమ్ముడి మనవరాలికి పుట్టుకతోనే వినికిడి లేదు. మూడో ఏడు వచ్చేదాకా మాకు తెలియలేదు. “మాటలు ఆలస్యంగా వస్తాయిలే, వాళ్ల నాన్నకూ అంతే” అని పెద్దవాళ్లమే సర్దిచెప్పాం. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష చేయించాలి, మూడు నెలలకల్లా లోపం ఉందో లేదో తేల్చాలి, ఆరు నెలలకల్లా మిషన్, శిక్షణ మొదలుపెట్టాలి. ఈ లెక్క మాకు ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ చెప్పలేదు. తర్వాత ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో పరికరం అమర్చే ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్‌తో పని అయిపోతుందనుకుంటారు చాలామంది. ఇంప్లాంట్ శబ్దాన్ని లోపలికి పంపుతుంది, అంతే. ఆ శబ్దం “అమ్మ” అనీ, ఈ శబ్దం “నీళ్లు” అనీ పిల్ల మెదడుకు అలవాటు కావాలంటే ఏళ్ల తరబడి థెరపీ కావాలి. దానికోసం తల్లి కుట్టుపని మానేసి పిల్లను రైల్లో చెన్నై తీసుకెళ్లి వస్తోంది. అక్కడి థెరపిస్టు మంచి మనిషే, కానీ ఆమెకు వచ్చింది తమిళం, ఇంగ్లిషు. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగు. మన పిల్లలకు మన మాటలోనే నేర్పాలి. నేర్పేవాళ్లు మన జిల్లాల పిల్లల్లోంచే రావాలి. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం బస్సెక్కి వచ్చిన ముసలివాళ్లకు “ఇవాళ చెవి పరీక్ష చేసేవాళ్లు రాలేదు, మళ్లీ రండి” అని చెప్పి పంపేయడం నేను కళ్లారా చూశాను. ఆ కొరత తీర్చే చదువు గురించి ఒక అమ్మాయి తనంతట తానే అడిగితే, చెప్పాల్సినవాళ్లే ఆపేశారు.

ఇక సినిమా సంగతి. భానుమతి ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారని, బాలు మన నెల్లూరువారని సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ రోజుల్లో చాలామంది మద్రాసు రైలెక్కి, స్టూడియోల్లో పని చేస్తూ పని నేర్చుకున్నారు. ఇప్పుడు కెమెరా, ఎడిటింగ్, సౌండ్, కలర్, గ్రాఫిక్స్ వేటికవే చదివి నేర్చుకోవాల్సిన విద్యలు. 1960లో పుణెలో, 1995లో కోల్‌కతాలో కేంద్రం పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లలో ముఖ్యమైన కోర్సులకు డిగ్రీ ఉండాలి, నిజమే. చాలా కోర్సులకు ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు, బీటెక్కే అక్కర్లేదు. ఇంటర్‌తోనే చేరాలంటే చెన్నై తరమణిలో తమిళనాడు ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నాలుగేళ్ల డిగ్రీ ఉంది. చెన్నై కాలేజీల్లో విజువల్ కమ్యూనికేషన్ ఉంది. మన రాష్ట్రంలోనే కడపలో 2020లో పెట్టిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బీఎఫ్‌ఏ ఉంది. ఈ మాత్రం చెప్పడానికి పది నిమిషాలు చాలు.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా చూశాను. పొదిలి వైపు నా పాత విద్యార్థి ఒకడు కొడుకు కోసం పొలం అమ్మి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఫిల్మ్ స్కూల్లో లక్షలు కట్టాడు. కొన్ని నెలలకే చేతిలో సర్టిఫికెట్ పెట్టి పంపేశారు. దాని వెనక ఏ యూనివర్సిటీ గుర్తింపూ లేదు. కెమెరా ముట్టుకున్నదే తక్కువట. ఆ అబ్బాయికి చదువు మీద ఆసక్తి లేక కాదు, ఎక్కడ చేరాలో చెప్పేవాళ్లు లేక మోసపోయాడు.

అసలు మన జిల్లాల్లో ఇంటర్ పిల్లలకు దారి చూపించేది ఎవరు? ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే కార్పొరేట్ కాలేజీలు. అవి అమ్మేవి రెండే, ఇంజినీరింగు, మెడిసిన్. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో లెక్చరర్ల ఖాళీలే నిండవు, ఇక పై చదువుల సలహా ఎవరిస్తారు? అధికారులు ఏడాదికోసారి సదస్సు పెడతారు, అదీ కాగితం మీద చూపించడానికే. రెండు గంటలు ఉపన్యాసాలు, పది నిమిషాలు పిల్లల ప్రశ్నలు. పత్రికలు కూడా మారిపోయాయి. నేను పాఠాలు చెప్పే రోజుల్లో విద్యా పేజీ కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించేదాన్ని. ఇప్పుడా పేజీలో సగం కాలేజీల ప్రకటనలే. మిగతా సగంలో వాళ్లిచ్చిన ప్రెస్ నోట్లు.

అందుకే అడుగుతున్నాను. ఆ వార్తకు సవరణ వేయండి. బీఏఎస్‌ఎల్‌పీకి గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా రిహాబిలిటేషన్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, అది చూసి చేరమని రాయండి. ఫిల్మ్ కోర్సులో చేరేముందు ఇచ్చేది డిగ్రీయా, ఏ యూనివర్సిటీ ఇస్తుందో అడగమని రాయండి. ప్రవేశ పరీక్షల నోటిఫికేషన్లు వచ్చినప్పుడు ఈఏపీసెట్‌కు (పాత ఎంసెట్‌కు) ఇచ్చినంత చోటు కాకపోయినా, నాలుగు లైన్లు వీటికీ ఇవ్వండి. విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు ఈ రెండు చదువుల మీద దృష్టి పెట్టాలి. వచ్చే ఏడాది సదస్సు వేదిక మీద ఒక కుర్చీ వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టుకు, ఇంకొకటి సినిమాలో పనిచేసే ఎడిటర్‌కో సౌండ్ ఇంజినీర్‌కో వేయమని జిల్లా విద్యాధికారులను కోరుతున్నాను. శాలువాల సమయం పిల్లల ప్రశ్నలకు ఇమ్మని కూడా.

— విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కావలి