కొట్టు గదిల పావుగంట

దేవరకొండ

దోస్తూ,

ప్రభువు పేరట వందనాలు. ఉత్తరం ఇంత పద్ధతిగ మొదలైందని భయపడకు, ఇంక అన్నీ మన మాటలే. నీ ఉత్తరంల ఒక్క ముక్క కాడ ఆగిపోయిన: "ఆదివారం తప్పుత లేను, శుక్రవారం ఉపాసం తప్పుత లేను, అయినా దేవుడు ఎవరో పెద్దాఫీసర్ లెక్క దూరంగనే ఉన్నడు" అన్నవ్. చూడు, నీకు ఇంకో కూటం అక్కర లేదు, ఉన్నయే ఎక్కువైనయ్. కావల్సింది పావుగంట, ఒక మూల, నిజం చెప్పే నోరు.

పావుగంట అంటే పావుగంటనే. పెద్ద మీటింగుకు పోయొచ్చిన రాత్రి "రేపటి సంది గంట సేపు" అని ఒట్టు పెట్టుకుంటరు గదా, అది నాలుగో రోజుకు మూలకు పడ్తది. ఐదో రోజు సిగ్గు. ఆ సిగ్గుతోనే ఇంకో నెల పోతది. గంట తప్పినోడు పావుగంట కూడా చెయ్యడు, తిరకాసంతా అక్కడున్నది. అందుకే మూడు నిమిషాలు ఊకె కూసో, ఏడు నిమిషాలు చదువు, ఐదు నిమిషాలు మాట్లాడు. ఒకరోజు తప్పితే తెల్లారి మళ్ల అదే పావుగంట, బాకీ కలిపి అరగంట చెయ్యకు. యేసు ఇంక చాల చీకటుండంగనే లేచి పోయిండని మార్కు 1:35ల ఉన్నది, నిజమే. గాని మిల్లుల వడ్ల లారీలు లైను కట్టినప్పుడు రాత్రి పన్నెండు దాక లెక్కలు రాసినోడు నాలుగింటికి లేస్తే, అది ప్రార్థన కాదు, కునుకు. ఆ సీజన్ల మధ్యాహ్నం టిఫిన్ డబ్బ తెరిచే ముందట పెట్టుకో.

"రెండర్రల ఇంట్ల తలుపేసుకునే గది యాడిది" అంటవ్. మత్తయి 6:6ల "నీ గదిలోనికి వెళ్లి" అన్న కాడ గ్రీకుల ఉన్న మాటకు సామాన్లు, గింజలు దాచుకునే లోపలి కొట్టు అనే అర్థం కూడా ఉన్నది. అంటే వడ్ల బస్తాల నడుమ కూసున్నా లెక్కకొస్తది, మిర్యాలగూడల నీకు బస్తాలకేం కరువు! కాకుంటే డాబా మీద, అదీ కాకుంటే సాగర్ ఎడమ కాల్వ గట్టు మీద బండి ఆపి. ఫోను మాత్రం దూరం పెట్టు. ఫోన్ల బైబిలు చదువుడు పాపం కాదు, గాని వచనం కాడికి చేరేలోపు మూడు వాట్సాప్ గ్రూపులు పిలుస్తయ్.

చదువుడు మార్కుతోని మొదలువెట్టు, 16 అధ్యాయాలే. రోజుకు ఒక ఘట్టం, పది పన్నెండు వచనాలు, అదే ముక్క మూడు మార్లు. ఒకసారి మనసుల, ఒకసారి నోటితోని, ఒకసారి మెల్లగ. మూడోసారికి ఏదో ఒక మాట కాలుకు ముల్లు లెక్క తగుల్తది, అక్కడ ఆగు. నోటుబుక్కుల ఒక్కటే లైను రాయి: ఈడ యేసు ఎట్లాంటోడు? నాలుగో అధ్యాయంల తుఫాను చూడు. ఆయన పడవ వెనక తలగడ మీద పండుకున్నడు. శిష్యులు లేపి, మేం సచ్చిపోతున్నం, నీకు రంది లేదా అన్నరు. అది మర్యాదైన ప్రార్థన కాదు. మార్కు రాసిన వరుసల ఆయన ముందుగాల గాలిని ఆపిండు, విశ్వాసం సంగతి ఆ తర్వాత అడిగిండు. నీ బుక్కుల ఆ రోజు లైను ఇదే కావచ్చు: "మాట పద్ధతిగ లేకున్నా లేచిండు."

జనవరి ఒకటిన చర్చిల తీసే వాగ్దానం చీటీ, ఆ ఒక్క బైబిలు వచనం మీదనే ఏడాదంతా బతకకు. దేవుని ఆలోచనలు మీ మేలుకే అనే యిర్మీయా 29:11 ఎన్ని ఇండ్ల గోడలకు లేదు! అది బబులోనుకు చెరపోయినోళ్లకు రాసిన ఉత్తరంల మాట. ఐదో వచనంల ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటడు. పదో వచనంల 70 ఏండ్లు ఆగాలె అంటడు. ఆ 70 చీటీ మీద ఉండది, అందుకే ఉగాది కల్లా పని కాకుంటే దేవుని మీద అలుగుతరు.

ఇంక మాట్లాడుడు. నీకు అసలు ఇరుక్కున్నది ఈడనే అని నా అనుమానం. ఇంట్ల పెండ్లాంతోని "నాకు అన్నము దయచేయుము" అంటవా? మరి ఒక్కనివే ఉన్నప్పుడు దేవునితోని ఎందుకట్ల? బైబిలు తెలుగు అందమైనదే, నలుగుర్ల ప్రార్థన చేసేటప్పుడు నప్పుతది. ఒంటరిగ ఉన్నప్పుడు మాత్రం అది ఇస్త్రీ అంగీ, లోపలి పుండు కనపడనియ్యది. "నా అవసరతలు తీర్చుము" అంటే ఏ అవసరత? "రెండు లక్షల అప్పు, నూటికి రెండు రూపాయల మిత్తి, ఉగాదికి కట్టాలె, కట్టేటట్టు లేదు, ఇంట్ల చెప్పలే" అను. "ఇంట్ల చెప్పలే" అన్న కాడ నీ నోరు నీకే ఆగుతది. అక్కడి నుంచి అది ప్రార్థన. ఊపిరి పీల్చే జాగల్ల "ప్రభువా, స్తోత్రం, తండ్రీ" అని నింపుడు అలవాటైంది మనకు. మాట దొరకకుంటే ఊకుండు.

మాటలు పేర్చుడు రాకుంటే 13వ కీర్తన అచ్చుగ పెట్టుకో. ఆరే వచనాలు: మొదటి రెండిట్ల ఎన్నాళ్లు అని కొట్లాట, నడిమి రెండిట్ల అడుగుడు, చివరి రెండిట్ల నమ్మకం. అదే వరుసల నీ మాటలు పెట్టు. చివరి రెండిటికి రోజూ చేరకున్నా దొంగ సంతోషం తెచ్చుకోకు. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతది, అయినా బైబిల్ల ఉన్నది.

నువ్వు అడగనిది ఒకటి. మీ అన్నతోని గెట్టు పంచాయితి. మత్తయి 5:23-24 నిమ్మళంగ చదువు: నీకు అన్న మీద కోపముంటే అని లేదు, అన్నకు నీ మీద విరోధం ఉన్నదని యాదికొస్తే అని ఉన్నది. అర్పణ బలిపీఠం కాడ ఇడిచిపెట్టి ముందుగాల పో అన్నడు యేసు. ఫోన్ల మాట్లాడకు, పెండ్లి పందిట్ల ఎత్తకు, పెద్దమనుషులను తీస్కపోకు. ఒక్కనివే పో, నీ దిక్కు తప్పు ఒక్కటి పేరు పెట్టి చెప్పు, "గాని నువ్వు కూడా" అని తోక తగిలియ్యకు. గెట్టు రాళ్ల లెక్క ఆ రోజు తియ్యనే తియ్యకు, దానికి సర్వేయర్ ఉన్నడు. ఆయన మొఖం తిప్పుకున్నా నువ్వు పోవాల్సింది పోయినవ్.

ఉపాసం నెలకు రెండు మార్లు ఒక పూట చాలు నీకు. నీళ్లు తాగు, ఇడిచేటప్పుడు బిర్యానీ మీద పడకు, అంబలో మజ్జిగో ముందుగాల. షుగరు గోలీలు వేసుకుంటున్నవ్ గనక డాక్టర్‌ను అడగంది చెయ్యకు. కండ్లు తిరిగి పడుడు భక్తి కాదు. మిగిలిన పూట బువ్వ ఎవరికన్న పెట్టు, యెషయా 58 అడిగే ఉపాసం అదే.

ఎండిపోయిన రోజులొస్తయ్. చదివింది మనసుకు ఎక్కది, మాట పైకప్పుకు తగిలి కింద పడ్డట్టుంటది. ముందుగాల నిద్ర లెక్క చూసుకో. ప్రవక్త ఏలీయా చావు కోరుకున్నప్పుడు దూత పాఠం చెప్పలే, తట్టి లేపి తినమన్నది. మళ్ల పండుకుంటే మళ్ల లేపి తినమన్నది. ఆ తర్వాతనే హోరేబు కొండ మీద దేవుడు కలిసిండు. గాలిల లేడు, భూకంపంల లేడు, మెరుపుల లేడు, తర్వాత "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము." నిమ్మళం! మనం పొద్దుకు పదిసార్లు అనే మాటనే. మైకు సౌండు పెంచి వెతికితే ఆ స్వరం ఎట్ల దొరుకుతది? వారాల తరబడి నిద్ర లేక, ఏం చెయ్యబుద్ధి కాకుంటే మాత్రం డాక్టర్ కాడికి పో, అది విశ్వాసం తక్కువై కాదు. "దేవుడు నీ గురించి నాకు చూపిచ్చిండు" అని కానుక కవరు చాపేటోళ్ల కాడికి మాత్రం పోకు. నీ పావుగంట నడుస్తుందా లేదా అని వారానికొకసారి అడిగే మనిషిని ఒక్కన్ని పెట్టుకో. నన్నే పెట్టుకో, ఆదివారం ఆరాధన అయినంక ఫోను చేస్తా.

ఇంకోటి, నీ పాత బైబిలు అక్షరాలు నీ కంటికి ఇంక ఆనయ్. కండ్లు గుంజుతుంటే ఏడు నిమిషాలు ఏడు గంటలైతయ్. పెద్దక్షరాల బైబిలు హైదరాబాదుల దొరుకుతది, వచ్చే నెల పోతున్న, తెమ్మంటే చెప్పు. అప్పటిదాక కొట్టు గదిల బల్బు జర పెద్దది పెట్టు.

నీ
దోస్తు