పోలీసు వేలం కాగితం ఉంటే పోలీసు జీపు అయిపోదు

సంపాదకులకు,

పోయిన నెల మీ పత్రిక చిన్న ప్రకటనల్లో "ఒరిజినల్ పోలీసు జీపు, తక్కువ తిరిగింది" అని ఒకటి వచ్చింది. నేను గుంటూరు జిల్లా పోలీసు శాఖలో ఇరవై ఆరేళ్లు డ్రైవరుగా చేసి రిటైరైనవాణ్ని. అది చదివి నవ్వొచ్చింది. పోలీసు జీపేమిటి, తక్కువ తిరగడమేమిటి? ఒకవేళ మీటరు తక్కువే చూపించినా, ఇంజను పడ్డ పాట్లు మీటరుకెక్కవు. కోటప్పకొండ తిరునాళ్ల బందోబస్తులో తెల్లవార్లూ ఇంజను ఆపకుండా నిలబెట్టిన రాత్రులు నాకున్నాయి. లాగ్‌బుక్కులో మాత్రం నాలుగు కిలోమీటర్లే.

అక్కడితో పేపరు మడిచి పక్కన పెట్టేసేవాణ్నే. కానీ మా పక్కింటి కుర్రాడు అదే ప్రకటన పట్టుకుని వచ్చాడు. "బాబాయ్, ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చేశా. ఒకసారి వచ్చి చూస్తావా?" అన్నాడు. డబ్బులిచ్చాక చూడమనడం మన పిల్లలకి అలవాటే. బండి బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఉందంటే ఇద్దరం బస్సెక్కి వెళ్లాం.

మహీంద్రా 540, ప్యూజో డీజిల్ ఇంజను, 1994 మోడల్ అన్నారు. బానెట్ మీద మైకు, పైన నీలం లైటు, ముందు ఎర్రటి అక్షరాలతో పోలీసు అని రాత. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. నేను రంగు జోలికి పోలేదు. చొక్కా చేతులు మడిచి కిందికి దూరాను.

పోలీసు బండికి వైర్‌లెస్ సెట్ ఉంటుంది. దాని యాంటెనాకి బాడీలో బెజ్జం, డ్యాష్‌బోర్డు కింద సెట్ బిగించిన క్లాంపుల బెజ్జాలు, బ్యాటరీ నుంచి నేరుగా లోపలికి లాగిన లావుపాటి వైరు వెళ్లిన జాడ, ఇవన్నీ తప్పకుండా ఉంటాయి. శాఖ బండిని వదిలించుకునేటప్పుడు సెట్టు, సైరను, లైటు విప్పుకుంటుంది గానీ బెజ్జాలు విప్పుకోలేదు కదా. తర్వాత కొన్నవాడు వాటిని పుట్టీతో పూడుస్తాడు. వెనక నుంచి వేలు పెడితే తుప్పు పట్టిన అంచు తగులుతుంది. ఈ బండికి యాంటెనా బెజ్జం ఉంది, కాదనను. దాని అంచు మాత్రం నిన్న డ్రిల్లు వేసినట్టు తళతళలాడుతోంది. డ్యాష్‌బోర్డు కింద రేకు నున్నగా ఉంది. సైరను నొక్కితే మోగింది గానీ వైరు కొత్త ప్లాస్టిక్ వాసన కొడుతోంది.

వెనక సీట్ల మధ్య రేకు కూడా చూశాను. ఏళ్ల తరబడి కానిస్టేబుళ్లు రైఫిళ్లు నిలబెట్టి కూర్చుంటే వాటి అడుగున ఉండే బట్టు తగిలిన చోటల్లా రేకు సొట్టలు పడుతుంది. ఎక్కే ఫుట్‌బోర్డు బూట్లకి అరిగి నడుమ పల్లంగా అవుతుంది. ఇవి నకిలీ పోలీసు బండికి తెచ్చిపెట్టడం కష్టం. ఈ జీపులో ఆ సొట్టలూ లేవు, ఆ అరుగుదలా లేదు.

నేను తల అడ్డంగా ఊపేసరికి షెడ్డాయన కాగితం తీశాడు. "పోలీసు వేలంలో కొన్నదండీ, ఇదిగో స్టేషను సీలు" అన్నాడు. సీలు నిజమైనదే. కాగితం మొత్తం చదివితే క్రైమ్ నంబరు కనిపించింది. కేసులో పట్టుబడ్డ బండి అది! పాపం ఆ జీపు ఏనాడూ కానిస్టేబుళ్లను మోయలేదు. సారా క్యాన్లు మోసింది.

జనం పొరపడేది ఇక్కడే. పోలీసులు వేలం వేసేవన్నీ పోలీసు బళ్లు కావు. కేసుల్లో పట్టుకున్నవీ, ఎవరూ రాక స్టేషను ఆవరణలో ఎండకి ఎండి వానకి తడిసినవీ అక్కడే వేలానికొస్తాయి. శాఖ సొంత బండి వేరు. దానికి కండెమ్ చేసిన, అంటే ఇక పనికిరాదని తేల్చిన ఉత్తర్వు ఉంటుంది, ఆర్‌సీలో మొదటి ఓనరుగా శాఖ అధికారి హోదా ఉంటుంది. బండి నంబరులో ఆర్టీసీ బస్సుకి జెడ్ సీరీస్ ఎలాగో మా బళ్లకి పి సీరీస్ అలాగ. చివర్లో నేను నడిపినవన్నీ ఏపీ 18 పి బళ్లే. అయినా ఒక్క నంబరు ప్లేటు చూసి తేల్చకండి. రవాణా కార్యాలయంలో బి రిజిస్టరు ఎక్స్‌ట్రాక్టు, అంటే ఆ బండి రిజిస్ట్రేషన్ రికార్డు నకలు తీయించి మొదటి పేరు ఎవరిదో చూడండి. ఛాసిస్ మీద, అంటే బండి అడుగు ఫ్రేము మీద కొట్టిన నంబరు దానితో సరిపోవాలి.

వేలంలో కొన్నవాడు బండి చేతికొచ్చిన 30 రోజుల్లో ఫారం 32తో తన పేరుకి మార్చుకోవాలి. దాంతో పాటు అమ్మకాన్ని ఖాయం చేసిన పత్రం, వేలానికి అనుమతిచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ధ్రువీకరణ నకలు పెట్టాలి. కాబట్టి నిజంగా కొన్నవాడి దగ్గర ఆ నకళ్లు ఉండి తీరాలి. ఇంకో మాట. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బళ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, అవి తుక్కు కేంద్రానికే పోవాలి. 1994 నాటి పోలీసు జీపుని నిరుడు వేలంలో కొన్నానని ఎవరైనా అంటే అక్కడే ఆగి ఆలోచించండి.

అధికారులకు నా మనవి ఒకటుంది. వేలం కాగితం పైన "శాఖ వాహనం" లేదా "కేసులో పట్టుబడిన వాహనం" అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. శాఖ బండి అయితే దాని హిస్టరీ షీటు (బండి చరిత్ర రాసిన కాగితం) నకలు కూడా కొన్నవాడికి ఇవ్వండి. మీ ప్రకటనల విభాగం వారు కూడా "ఒరిజినల్ పోలీసు" అన్న మాట వేసేముందు ఆర్‌సీ చూపించమని అడిగితే బాగుంటుంది. సొంత బండి మీద పోలీసు అని రాసుకుని నీలం లైటుతో తిరిగితే రేపు పట్టుకునేది కూడా మావాళ్లే. కుర్రాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అడ్వాన్సులో పది వేలు వెనక్కొచ్చాయి, మిగతా పది పోయినట్టే. మొన్న పనుండి మళ్లీ ఆటోనగర్ వైపు వెళ్లాను. జీపు అక్కడే ఉంది. యాంటెనా బెజ్జం చుట్టూ ఇప్పుడు తుప్పు రంగు పూశారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోలీసు డ్రైవరు,
బ్రాడీపేట, గుంటూరు