సినిమా రాయితీల మీద నా గొడవ

వడపళని, చెన్నై

ఒరే రాంబాబూ,

అట్లాంటాలో మీ వీధిలో షూటింగ్ జరిగిందనీ, "మీ చెన్నై వాళ్లు కూడా ఇలా పన్ను రాయితీలిచ్చి సినిమాల్ని లాక్కోవచ్చు కదా" అనీ రాశావు. ప్రొడక్షన్ ఆఫీసులో బేటా (రోజువారీ భత్యం) వోచర్లు రాసుకు బతికేవాడిని, లెక్కల మాటొస్తే ఊరుకుంటానా?

మీ జార్జియా సంగతే చూడు. 2008 చట్టం ప్రకారం ఖర్చులో 20 శాతం క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులో అంత తగ్గింపు; సినిమాలో రాష్ట్రం వాళ్ల ఆ పీచ్ పండు లోగో వేస్తే ఇంకో 10. బయటి నుంచి దిగిన హీరో పారితోషికం కూడా ఆ ఖర్చులోకే వస్తుంది. అసలు తమాషా ఏంటంటే, కాలిఫోర్నియా నిర్మాతకి జార్జియాలో కట్టాల్సిన పన్ను ఏపాటి ఉంటుంది? అందుకని ఆ క్రెడిట్‌ని అక్కడ పన్ను కట్టాల్సిన ఇంకెవరికో కాస్త తక్కువకి అమ్మేస్తాడు. కొన్నవాడు మాత్రం పూర్తి విలువకి పన్ను మినహాయించుకుంటాడు. ఖజానాకి పడిన చిల్లు పూర్తిది, సినిమాకి అందింది తక్కువ, మధ్యలో బ్రోకరు. కొన్ని ఏళ్లలోనైతే ఈ క్రెడిట్లు ఏడాదికే వంద కోట్ల డాలర్లు దాటాయిరా!

వడ్రంగులకీ ఎలక్ట్రీషియన్లకీ పని దొరికింది కదా అంటావు. దొరికింది, కాదనను. కానీ మిషిగన్ 2008లో 42 శాతం దాకా ఇస్తామని ఊరించి 2015లో ఎత్తేసింది. సెట్ పని నేర్చుకున్నవాళ్ల గతేంటి? ఆపితే షూటింగులు పోతాయి, ఆపకపోతే పక్క రాష్ట్రం ఇంకాస్త పెంచుతుంది. హాలీవుడ్ ఉన్న కాలిఫోర్నియాయే 2025లో ఏడాది కేటాయింపు 33 కోట్ల డాలర్ల నుంచి 75 కోట్లకి పెంచుకోవాల్సొచ్చింది.

ఇక్కడా ఆ ముచ్చట జరిగింది. 2006లో కరుణానిధి ప్రభుత్వం తమిళ పేరు పెడితే వినోదపు పన్ను లేదంది. ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నవాళ్లు గబగబా మార్చుకున్నారు. టికెట్ కొనే నాకు మాత్రం పైసా తగ్గిన గుర్తు లేదు.

మనవాళ్లు హైదరాబాదు వెళ్లింది రాయితీలకే కదా అని నువ్వు అడ్డు తగులుతావని తెలుసు. స్థలాలూ రాయితీలూ పనిచేశాయి, నిజమే. కానీ వాటితోనే కదల్లేదు. నాగేశ్వరరావు గారు 1970లలో అన్నపూర్ణ స్టూడియో కట్టాక కూడా పాటల రికార్డింగ్‌కీ ల్యాబ్ పనికీ చాన్నాళ్లు ఇక్కడికే వచ్చేవారు. అక్కడ స్టూడియోలు లేచి, మనుషులు ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డాకే పరిశ్రమ అక్కడిదైంది. ఇక్కడ వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు మాల్ ఉంది, పార్కింగ్ ఫీజు చూస్తే ఏడుపొస్తుంది.

మా నిర్మాత ఒకాయన సబ్సిడీ కోసం వేరే రాష్ట్రంలో షూటింగ్ పెట్టాడు. హోటల్ బిల్లులు, క్యాటరింగ్ బిల్లులు, జనరేటర్ డీజిల్ చీటీలు తెల్లకాగితాల మీద అతికించింది నేనే. టిఫిన్ బిల్లు మీద కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పుందని ఫైలు వెనక్కొచ్చింది. డబ్బు చేతికొచ్చేసరికి నెలకి రెండు రూపాయల వడ్డీ సగం మింగేసింది.

నన్నడిగితే ఇవ్వాల్సిందే, కానీ ఏడాదికింత అని హద్దు పెట్టి, ఆ ఊరి లైట్‌మెన్, కార్పెంటర్ల జీతాల మీద మాత్రమే ఇవ్వాలి. హీరో పారితోషికం మీద ఒక్క రూపాయి కూడా వద్దు. ఈ మాట మా ఆఫీసులో అనకు, ఉద్యోగం ఊడుతుంది.

నీ
శీను