బ్రిడ్జి మీద సైకిల్‌కి దారేదండీ?

సంపాదకుడు గారికి నమస్కారం,

సెలవులు పెట్టి సైకిల్ మీద ఊర్లు తిరిగేవాళ్ళ గురించి ఆదివారం పేజీల్లో అప్పుడప్పుడు వేస్తుంటారు కదండీ, ఎండ, కొండ, పంక్చర్ అన్నీ వస్తాయి గానీ మాకు ముందురోజు రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఏంటో ఎవరూ రాయరు. పెద్ద నది మీద బ్రిడ్జి. రోడ్డు బాలేకపోతే పక్కూరి మీదుగా పోతాం, కొండ ఎక్కలేకపోతే దిగి నెట్టుకుంటాం, కానీ నది అడ్డమొస్తే చుట్టుపక్కల ఉన్నది ఆ ఒక్క బ్రిడ్జే, ఇంకోటి వెతుక్కోవాలంటే కారు వాళ్ళకి అరగంట, మాకు పూటంతా తొక్కుడే. నేను అడిగేది ఒకటే, ఇంత పెద్ద బ్రిడ్జి కట్టేటప్పుడే సైకిల్‌కి, నడిచేవాళ్ళకి విడిగా దారి వదలాలి. "తర్వాత చూద్దాం" అంటే ఎన్నేళ్ళు పడుతుందో తెలుసా? న్యూయార్క్ దగ్గర హడ్సన్ నది మీద టాపాన్ జీ బ్రిడ్జి 1955లో తెరిచారు, సైకిల్ దారి లేదు. ఆ బ్రిడ్జి పాతబడి, పక్కనే అక్కడి మాజీ గవర్నర్ మారియో కూమో పేరుతో కొత్తది కట్టి, దాని మీద దారి తెరిచేసరికి 2020 అయింది.

దూరం నుంచి చూస్తే బ్రిడ్జి బల్లపరుపుగా కనిపిస్తుంది గానీ కింద ఓడలు పోవాలి కాబట్టి మధ్యలో బాగా ఎత్తు లేపుతారు, బ్యాగులు కట్టిన బండి మీద ఆ ఎక్కుడు నడక స్పీడులో సాగుతుంది, వెనక లారీ హారన్ కొడుతూనే ఉంటుంది. రోడ్డు మీద తెల్లగీత అవతల ఉండే కాస్త జాగా కూడా సరిగ్గా బ్రిడ్జి మొదలయ్యే చోటే సన్నబడిపోతుంది. ఇక గాలి. పక్కగాలికి ఎదురుగా ఒరిగి తొక్కుతుంటామా, లారీ పక్కకి రాగానే గాలి ఠక్కున ఆగిపోతుంది, మనం ఒరిగిన వైపే, అంటే లారీ వైపే తూలుతాం, అది దాటిందో లేదో గాలి మళ్ళీ ఒక్క తోపు తోస్తుంది. ఇటు రెయిలింగ్ చూస్తే నడుం దాకా కూడా ఉండదు. ఎండకి బ్రిడ్జి సాగుతుందని మధ్య మధ్యలో దువ్వెన పళ్ళలాంటి ఇనప జాయింట్లు పెడతారు కదా, పాత బ్రిడ్జిల మీద ఆ సందుల్లో సన్న టైరు దిగబడుతుంది, వాన పడితే ఆ ఇనుము జారుతుంది కూడా, అందుకని హ్యాండిల్ తిప్పకుండా బ్రేక్ పట్టకుండా నిటారుగా దాటాలి. అంచున పేరుకున్న గాజుముక్కలు, పేలిన లారీ టైర్ల ఇనప తీగముక్కలు సరేసరి. పంక్చరైతే ఆగడానికి చోటేదీ?

అమెరికాలో పసిఫిక్ తీరం వెంబడి సైకిల్ మీద పోయేవాళ్ళకి బాగా తెలిసింది ఆస్టోరియా-మెగ్లర్ బ్రిడ్జి. కొలంబియా నది సముద్రంలో కలిసేచోట 1966లో తెరిచారు, దాదాపు 6.5 కిలోమీటర్లు. సైకిల్‌కి అనుమతి ఉంది గానీ విడి దారి లేదు, లారీల పక్కన అంచునే పోవాలి. వెళ్ళొచ్చు అని బోర్డు పెట్టినంత మాత్రాన దారి ఇచ్చినట్టు కాదండీ!

అదే 1966లో బ్రిటన్‌లో సెవెర్న్ నది మీద సెవెర్న్ బ్రిడ్జి తెరిచారు, దానికి మొదట్నుంచే పక్కన సైకిల్ దారి ఉంది. అక్కడ అంతకుముందు జనాన్ని, బళ్ళని దాటించిన ఫెర్రీ పడవ, బ్రిడ్జి రాగానే ఆగిపోయింది. నాకు ముఖ్యంగా అనిపించేది ఇక్కడే. బ్రిడ్జి వచ్చాక పడవ ఎలాగూ ఆగిపోతుంది, ఎవరు ఎక్కుతారు మరి, కాబట్టి ఆ బ్రిడ్జి మీద సైకిల్‌ని రానివ్వకపోతే కొత్త సౌకర్యం ఇవ్వకపోవడం కాదు, నిన్నటిదాకా పడవలో సైకిల్ ఎక్కించుకుని దాటినవాడి దారి మూసేయడం. ఈ లెక్క ఎవరూ వెయ్యరు.

సైకిళ్ళు రోజుకి ఎన్ని పోతాయని ఇంత ఖర్చు అంటారు. మాలాంటి టూరు వాళ్ళు తక్కువే, ఒప్పుకుంటా, కానీ అవతలి ఒడ్డుకి పనికెళ్ళేవాళ్ళు, నడిచేవాళ్ళు, ఊరికే సాయంత్రం నది చూద్దామని వచ్చేవాళ్ళు కూడా ఆ దారే వాడతారు. ఉన్నవాటినే వాడుకోవచ్చు కూడా. అమెరికాలోని మెంఫిస్‌లో మిసిసిపీ నది మీద 1916 నాటి హరహాన్ రైలు బ్రిడ్జి పక్కన ఒకప్పుడు బళ్ళు, కార్లు పోయిన దారి వాడకం లేకుండా పడుంటే, దాన్ని బాగుచేసి 2016లో నడకకి, సైకిల్‌కి తెరిచారు. స్కాట్లండ్‌లో 2017లో కొత్త క్వీన్స్‌ఫెర్రీ బ్రిడ్జి మోటార్‌వేగా (వేగంగా పోయే మోటారు బళ్ళకే వదిలిన రోడ్డుగా) కట్టి సైకిళ్ళని రానివ్వలేదు, కానీ పక్కనే ఉన్న 1964 నాటి ఫోర్త్ రోడ్ బ్రిడ్జిని బస్సులకి, సైకిళ్ళకి, నడకకి వదిలేశారు, ఇంక గొడవేముంది?

సరే, కొన్నిచోట్ల నిజంగానే కుదరదు అనుకుందాం. అప్పుడు ఆ సంగతి బ్రిడ్జి మొదట్లో కాదు, చివరి మలుపు దగ్గరే బోర్డు పెట్టి చెప్పాలి. ఒక బ్రిడ్జికి (పేరెందుకు లెండి) ర్యాంపు సగం ఎక్కాక "సైకిళ్ళకు ప్రవేశం లేదు" అని కనపడింది, వన్ వే కాబట్టి వెనక్కి తిరగడానికీ లేదు, దిగి ఎదురొచ్చే బళ్ళ మధ్య గోడ పట్టుకుని నెట్టుకుంటూ వచ్చాం. ఆ బోర్డు మీదే ఇంకో దారి ఎటో, ఎంత దూరమో రాస్తే ఏం పోయింది? గాలి ఎక్కువైనా రిపేర్లున్నా దారి మూసేస్తే అదీ ముందు ఊర్లోనే తెలియాలి. అమెరికాలో సముద్రపు పాయ మీద కొంత బ్రిడ్జి, కొంత సొరంగంగా ఉన్న చెసపీక్ బే బ్రిడ్జి-టన్నెల్ మీద సైకిల్ తొక్కనివ్వరు, కానీ ముందే చెప్పుకుంటే డబ్బు తీసుకుని వ్యాన్‌లో దాటిస్తారు. వద్దంటే వద్దనండి, దాటే మార్గం మాత్రం చూపించండి.

మీకూ ఒక మనవి. కొత్త బ్రిడ్జి వార్త వేసినప్పుడల్లా పొడవెంత, లేన్లెన్ని, ఎన్ని కోట్లు అని రాస్తారు కదా, అదే పేరాలో సైకిల్ దారి ఉందా లేదా, ఉంటే వెడల్పెంత అని కూడా మీ విలేకర్లని అడిగి రాయమనండి, టెండర్ స్టేజీలోనే రాస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
సైకిల్ మీద తిరిగే మీ పాఠకుడు