ముందు అంకె రాయండి, తర్వాత వినండి

సంపాదకులకు,

మొన్నటి ఆదివారం అనుబంధంలో ఇంటి ఆడియో మీద వేసిన పేజీలో 'మీకెంత తెలుసు?' అంటూ పది ప్రశ్నల పెట్టె ఒకటి వచ్చింది. ఎన్ని బ్రాండ్ల స్పీకర్లు విన్నారు, ఎన్నేళ్లుగా ఈ సరదా ఉంది, ఇంతవరకూ ఎంత ఖర్చుపెట్టారు, వాల్వ్ ఆంప్లిఫైయర్ ఎప్పుడైనా విన్నారా, ఇవీ ప్రశ్నలు. ఎనిమిది దాటితే నిపుణులట. ఈ లెక్కన షోరూములో అమ్మే కుర్రాడిని మించిన నిపుణుడు ఊళ్లో ఉండడు. ఆ పెట్టె కొలిచింది పరిచయాన్ని. ఆడియో సరదా ఉన్నవాళ్లు తమను తాము కొలుచుకునేదీ ఈ తూనికరాళ్లతోనే కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వేయమని మనవి.

2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. జిప్పు, కుట్టుమిషను, తాళం, ఫ్లష్ టాంకు ఎలా పనిచేస్తాయో తమకు ఎంతవరకు తెలుసో ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వేసుకోమన్నారు. ఆ తర్వాత, ఏ భాగం కదిలితే ఏది కదులుతుందో వరసగా రాయమన్నారు. రాయబోయి, మళ్లీ మార్కులు వేసుకోమంటే చాలామంది తమ మార్కులు తామే తగ్గించుకున్నారు. దేశాల రాజధానుల గురించి ఇలాగే అడిగితే మాత్రం అంత తేడా రాలేదు. పేరు గుర్తుందో లేదో మనిషికి ఇట్టే తెలిసిపోతుంది. బోల్తా పడేది యంత్రం దగ్గర. మీ పెట్టెలోని ప్రశ్నలన్నీ రాజధానుల జాతివి.

యంత్రం జాతి ప్రశ్న ఎలా ఉంటుందంటే ఇలా. చెన్నై రిచీ స్ట్రీట్‌లో అరచేతి వెడల్పు ఆంప్లిఫైయర్ బోర్డులు దొరుకుతాయి. వాటిలో టీపీఏ3116 అనే చిప్పు ఉన్నవి బాగా అమ్ముడుపోతాయి. 'రెండు ఛానెళ్లు, 50 వాట్ల చొప్పున' అని చెబుతారు, అది అబద్ధం కూడా కాదు. కొన్నవాళ్లు ఇంట్లో ఏ రౌటరుదో పాత 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టరు తగిలిస్తారు. ఇప్పుడు ఎన్ని వాట్లు వస్తాయి? ఈ రకం బోర్డుకు లెక్క సులువు: సప్లై వోల్టేజిని దానితోనే గుణించి, స్పీకరు మీద రాసి ఉండే ఓములకు రెట్టింపుతో భాగించాలి. 144ను 16తో భాగిస్తే 9. అంటే 8 ఓముల స్పీకరుకు గట్టిగా తోస్తే తొమ్మిది వాట్లు. 4 ఓముల స్పీకర్లు పెడితే ఛానెల్‌కు 18, రెండిటికీ 36. అడాప్టరు ఇవ్వగలిగిందే 12ను 2తో గుణిస్తే వచ్చే 24 వాట్లు. అందుకే డప్పు దెబ్బ పడినప్పుడల్లా పాట ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది: అడాప్టరు తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోయి వెలుగుతోందన్నమాట. కొన్నవాళ్లు 'డూప్లికేట్ చిప్పు అంటగట్టాడు' అని మర్నాడు అంగడికి వెళ్లి తగువు పెట్టుకుంటారు.

చెప్పిన 50 వాట్లు నిజంగా కావాలంటే 4 ఓముల స్పీకర్లు, 24 వోల్టుల సప్లై, అది కనీసం 5 ఆంపియర్లు ఇచ్చేది, చిప్పు మీద వేడి లాగేసే సరైన లోహపు పలక (హీట్‌సింక్) ఉండాలి. 8 ఓములకైతే 24 వోల్టుల మీద కూడా 36 దాటదు. పది బ్రాండ్ల పేర్లు చెప్పలేకపోయినా ఈ అంకె కొనకముందే కాగితం మీద రాసుకున్నవాడికి ఆడియో తెలుసు.

వాట్ల దగ్గరే ఇంకో ప్రశ్న. 50 వాట్ల ఆంప్లిఫైయర్ తీసేసి 100 వాట్లది పెడితే శబ్దం ఎంత పెరుగుతుంది? 'రెట్టింపు' అనే జవాబు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల నోటా వస్తుంది. పెరిగేది 3 డెసిబెల్‌లు. తేడా తెలుస్తుంది, అంతే. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి, అంటే 50 స్థానంలో 500 వాట్లు ఉండాలి. మరో వైపు, ఒక వాట్‌కు మీటరు దూరంలో 87 డెసిబెల్‌లు ఇచ్చే మామూలు స్పీకర్ల జత, మూడు మీటర్ల అవతల కూర్చున్నా ఆ ఒక్క వాట్‌తోనే 80 దాటిస్తుంది. ఇంట్లో టీవీ మాటలు వినేదానికన్నా అది చాలా ఎక్కువ. అట్టపెట్టె మీద పీఎంపీఓ (క్షణంపాటు రాగల గరిష్ఠ శక్తి అనే ప్రచారపు లెక్క) అని నాలుగంకెల వాట్లు వేయడం ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి ఒక చిట్కా: వెనక పలక మీద కరెంటు ఎంత తాగుతుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూడండి. 60 వాట్లు తాగే పెట్టె 2000 వాట్లు ఎక్కడినుంచి తెస్తుంది?

ఇక అసలు గొడవ చెవి దగ్గర. 'నా చెవి అబద్ధమాడదు' అనడం ఈ రంగంలో తిరుగులేని వాదన. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ నలభైమంది చేత, అందరూ హర్మన్ అనే ఆడియో సంస్థ ఉద్యోగులే, నాలుగు స్పీకర్లకు మార్కులు వేయించారు: ఒకసారి స్పీకర్లు కనబడేలా, ఒకసారి తెర వెనక పెట్టి. కనబడినప్పుడు సైజు, ధర, పేరు చూసి మార్కులు కదిలాయి. గదిలో స్పీకరు చోటు మారితే శబ్దంలో వచ్చే నిజమైన తేడాను మాత్రం కళ్లు తెరిచి విన్నప్పుడు అంతగా పట్టించుకోలేదు. పొద్దస్తమానం స్పీకర్ల మధ్య బతికేవాళ్ల సంగతే ఇది.

ఇంట్లో ఈ పరీక్షకు ఒక మల్టీమీటరు, ఒక మనిషి సాయం చాలు. రెండు ఆంప్లిఫైయర్లను పోల్చేటప్పుడు ముందు శబ్దాన్ని సమానం చేయాలి, చెవితో కాదు, మీటరుతో. 300 హెర్ట్జ్ టోన్ (సెకనుకు 300 సార్లు కంపించే ఒకే స్వరం) పెట్టి, స్పీకరు తగిలించి ఉండగానే దాని టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టేజి చూడండి. మొదటిదాన్ని 2.00 వోల్టులకు పెడితే రెండోది 1.98కీ 2.02కీ మధ్య రావాలి. అప్పుడు తేడా 0.1 డెసిబెల్‌కు లోపే ఉంటుంది. టోన్ 300 దగ్గరే ఎందుకంటే చవక మీటర్లు 400 హెర్ట్జ్ దాటాక ఏసీని తప్పు చూపిస్తాయి. ఈ పని చేయకపోతే మిగతాదంతా వృథా. అర డెసిబెల్ ఎక్కువ ఉన్నది చెవికి గట్టిగా అనిపించదు, 'స్పష్టంగా ఉంది, విడమరిచి వినిపిస్తోంది' అనిపిస్తుంది. ఎన్నో సమీక్షల్లోని కవిత్వానికి మూలం ఈ అర డెసిబెలే అని నా అనుమానం.

తర్వాత సాయం చేసే మనిషి నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండు పెట్టాలి. అదే ఆంప్లిఫైయర్ మళ్లీ వచ్చినా వైర్లు ఊడదీసి మళ్లీ తగిలించాలి, లేకపోతే పట్టే సమయమే జవాబు చెప్పేస్తుంది. అతను మీకు కనబడకూడదు, మాట్లాడకూడదు. ఏది పెట్టాడో అతనూ, ఏదనుకున్నారో మీరూ విడివిడిగా రాసుకోవాలి, ఇలా పదహారుసార్లు. పన్నెండు లేదా అంతకన్నా ఎక్కువ సరిపోతే, ఊరికే ఊహించి అన్ని కొట్టే అవకాశం నూటికి నాలుగుకు లోపే కనుక మీకు తేడా వినిపిస్తున్నట్టే. పది సరిపోతే గర్వపడనక్కర్లేదు; నూటికి ఇరవైమూడు సార్లు గుడ్డిగా చెప్పినా పదో అంతకంటే ఎక్కువో వస్తాయి. ఎన్నిసార్లన్నది ముందే అనుకోవాలి, గెలుస్తున్నప్పుడు ఆపేసి లేవకూడదు. ఒక్క హెచ్చరిక: మార్చడానికి సులువని నెగటివ్ వైర్లన్నీ ఒకటిగా కలిపిన స్విచ్ పెట్టె వాడకండి. పైన చెప్పిన బోర్డుల్లో స్పీకరు రెండు తీగలకూ సిగ్నల్ ఉంటుంది. వాటిలో ఏదీ ఎర్త్ కాదు. కలిపితే చిప్పు కాలుతుంది.

చెన్నైలో ఉన్నవాళ్లకు ఇలా ముందే రాసిపెట్టుకోవడం కొత్త పద్ధతేమీ కాదు. ధనుర్మాసం కచేరీల్లో ఆలాపన మొదలవగానే రాగం పేరు చీటీ మీద రాసి మడిచి పెట్టుకునే రసికులుంటారు. పల్లవి ఎత్తుకున్నాక, పక్కవాళ్లు గుసగుసలాడాక, 'ఖరహరప్రియ అని నేను అప్పుడే అనుకున్నా' అనేవాళ్లూ ఉంటారు. సభలో అందరికీ తెలుసు ఎవరు ఎవరో.

గది సంగతి మీ పేజీలో ఒక్క వాక్యం కూడా లేదు. ఇక్కడి ఫ్లాట్లలో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గది మామూలే. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 1145 అడుగులు పోతుంది. దానిలో సగాన్ని, అంటే 572ను, గది కొలతతో భాగిస్తే ఏ స్వరం దగ్గర గది గుమ్మంటుందో వస్తుంది. 12 అడుగులకు 48 హెర్ట్జ్, 10 అడుగులకు 57. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో 57 రెండు దిక్కులా పోగుపడుతుంది. ఈ గదిలో వూఫరు (బాస్ పలికే పెద్ద స్పీకరు) మార్చినా, ఆంప్లిఫైయర్ మార్చినా ఆ గుమ్ము పోదు. చూడాలంటే ఫోన్లో 48 హెర్ట్జ్ టోన్ తయారుచేసి, ఫోన్‌ని ఆంప్లిఫైయర్‌కు కలిపి, పెద్ద స్పీకర్లో తక్కువ శబ్దంతో పెట్టండి. గదిలో ఎక్కడ మాయమవుతుందో ముందే సుద్దముక్కతో నేల మీద గీత గీసి, అప్పుడు పొడవునా నడవండి. పొడవుకు సరిగ్గా మధ్య, ఆరడుగుల దగ్గర పడిపోవాలి, గోడల దగ్గర ఉబ్బాలి. సోఫా గోడకు ఆనించి ఉంటే బాస్ ఎందుకు ముద్దగా వస్తోందో అప్పుడు అర్థమవుతుంది. సోఫాను గోడ నుంచి నాలుగడుగులు ముందుకు లాగడానికి ఖర్చేమీ లేదు, ఇంట్లో అనుమతి తప్ప. టైల్స్ నేల మీద చప్పట్లు కొడితే టింగుమనే మోతకు జంపఖానా, బట్ట నిండుగా ఉన్న కర్టెన్లు పనికొస్తాయి. 57 హెర్ట్జ్‌కు పనికిరావు. ఆ అల పొడవే ఇరవై అడుగులు.

చిన్న విషయాలు కొన్ని. 8 ఓముల స్పీకరును మల్టీమీటరుతో కొలిస్తే 6 చూపిస్తుంది. పాడైపోలేదు, మీటరు చూసేది డీసీ నిరోధాన్ని. పాట మధ్య నుంచి కాకుండా గదంతా చెదిరినట్టు, బాస్ ఎండిపోయినట్టు ఉంటే ఒక స్పీకరు వైర్లు తారుమారయ్యాయేమో చూడండి: ఆంప్లిఫైయర్ నుంచి ఊడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ఎర్ర తీగకు, మైనస్‌ను రెండో తీగకు క్షణం ఆనిస్తే వూఫరు ముందుకు రావాలి. స్పీకరు వైరుగా ఇంటి వైరింగుకు వాడే ఒకటిన్నర చదరపు ఎంఎం రాగి వైరు చాలు. స్పీకరు ఐదు మీటర్ల దూరంలో ఉంటే పోనురాను పది మీటర్లకు నిరోధం సుమారు 0.13 ఓం, 8 ఓముల స్పీకరుకు నష్టం 0.14 డెసిబెల్. సముద్రపు గాలికి వైరు చివరలు నల్లబడతాయి, అరంగుళం కత్తిరించి కొత్తగా బిగిస్తే సరి. 'గుయ్' మనే మోత పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం మాత్రం చేయకండి. ప్రాణాల మీదికి వస్తుంది. ముందు టీవీ కేబుల్ ఊడదీసి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

మీటరు పట్టినవాళ్లకూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. 'ఆంప్లిఫైయర్లన్నీ ఒకేలా వినిపిస్తాయి' అని పరీక్షించకుండా తేల్చేయడం చెవి వాదానికి కవల సోదరుడే. ఫోన్ యాప్‌లో డెసిబెల్ అంకె చూసి తీర్పులిచ్చేవాళ్లకు, ఫోన్ మైకు మాటల కోసం చేసిందని, బాస్ కింది భాగాన్ని సరిగా వినదని గుర్తుండదు. అదే ఫోన్, అదే చోట, మార్పుకు ముందూ తర్వాతా తేడా చూడటానికైతే పనికొస్తుంది. రిచీ స్ట్రీట్‌లో రిపేరు బల్ల మీద కూర్చునే పాతకాపులు ఈ ఇద్దరికన్నా నయం: ఆంప్లిఫైయర్ ఎందుకు పోయిందని అడిగితే 'విప్పితే గాని చెప్పలేను' అంటారు.

ఆ పెట్టె మళ్లీ వేస్తే బ్రాండ్ల ప్రశ్నలు తీసేసి బోర్డు లెక్క, 100 వాట్ల ప్రశ్న, గది కొలత ప్రశ్న వేయండి. ప్రతి ప్రశ్న కింద పాఠకుడు తన అంకె పెన్నుతో రాసుకునేందుకు ఖాళీ గీత వదలండి. జవాబులు అదే పేజీలో తలకిందులుగా అచ్చువేయకండి, తర్వాతి ఆదివారం వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై