తినే వీలులేని మధ్యాహ్న భోజనాలకు వసూలు చేసిన సొమ్ము వాపసు కోరుతూ ఫిర్యాదు

కర్నూలు

గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి,
థీమ్ పార్కు రిసార్టు, అతిథి సేవల విభాగం

విషయం: ముందుగా చెల్లించిన మూడు పూటల భోజన పథకంలో రూ. 4,200 తిరిగి ఇవ్వడం గురించి.

అయ్యా,

గత నెలలో ఒక శుక్రవారం నుంచి ఆదివారం వరకు నేను, నా భార్య, మా అమ్మగారు, ఇద్దరు పిల్లలు మీ రిసార్టులో రెండు రాత్రులు బస చేశాం. గది అద్దె, పార్కు టికెట్లు కాక, మూడు పూటల భోజన పథకం కింద పన్నులతో సహా రూ. 12,600 ఆన్‌లైన్‌లో ముందే చెల్లించాను. ఆ పథకం ప్రకారం మాకు రావలసిన రెండు మధ్యాహ్న భోజనాల్లో ఒక్కటి కూడా మేం తినలేకపోయాం. మేం బద్ధకించి వెళ్ళకపోవడం వల్ల ఇలా జరగలేదు. మీ భోజనశాల వేళలు, గది ఇచ్చే వేళ, పార్కు గేటు దగ్గర నిబంధనలు, ఈ మూడూ కలిసి పార్కు టికెట్టు కొన్న ఏ అతిథీ ఆ భోజనం తినడానికి వీల్లేకుండా చేస్తున్నాయి.

మొదటి రోజు సంగతి చెబుతాను. గది మధ్యాహ్నం 2 గంటలకు ఇస్తామన్నది మీ నిబంధన. భోజనశాల తెరిచి ఉండేది 12.30 నుంచి 2.30 వరకు. పథకం శుక్రవారం మధ్యాహ్న భోజనంతోనే మొదలవుతుందని మీరిచ్చిన రసీదులో స్పష్టంగా ఉంది కాబట్టి, కర్నూలులో పొద్దున్నే బయలుదేరి 12.30 కల్లా మీ రిసెప్షన్‌కు చేరుకున్నాం. గది తర్వాత ఇచ్చినా సరే, ముందు భోజనం చేస్తామని అడిగితే, కూపన్లు గది తాళంతో పాటే ఇస్తామని చెప్పి కూర్చోబెట్టారు. తాళం మా చేతికి వచ్చేసరికి 2.25 అయింది. సామాను అక్కడే వదిలేసి భోజనశాలకు వెళ్తే, వంటకాల కింద దీపాలు ఆర్పేసి, గరిటెలు ఏరి తొట్టిలో వేస్తున్నారు. వడ్డించే కుర్రవాడొకడు పిల్లల ముఖాలు చూసి రెండు గిన్నెల్లో పెరుగన్నం పెట్టబోయాడు గానీ, అతని పై అధికారి టైం అయిపోయిందని ఆపేశాడు. ఆ కుర్రవాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దీనికి అతన్ని మందలించి ఉంటే మాత్రం, అది నా రెండో ఫిర్యాదుగా రాసుకోండి.

శనివారం ఇంకా విచిత్రంగా జరిగింది. పార్కు ఉదయం 11 గంటలకు తెరిచి సాయంత్రం 6 గంటలకు మూసేస్తారు. ఒకసారి గేటు దాటి బయటికి వస్తే అదే టికెట్టుతో మళ్ళీ లోపలికి రానివ్వరు. అంటే 12.30కు భోజనానికి రిసార్టుకు రావాలంటే గంటన్నరకే పార్కును వదులుకోవాలి. పోనీ పార్కు లోపలి ఫుడ్ కోర్టులో తిందామంటే, అది కూడా మీ సంస్థదే అయినా అక్కడ ఈ కూపన్ చెల్లదు. ఇది ముందే తెలుసుకుని, ఉదయం టిఫిన్ సమయంలోనే మా మధ్యాహ్న భోజనానికి బదులు కాస్త పులిహోర కట్టివ్వమని మీ సిబ్బందిని అడిగాను. బయటి ఆహారం పార్కులోకి అనుమతించరు గనుక కట్టివ్వడం కుదరదన్నారు. మీ వంటశాలలో, మీ వంటవాళ్ళు చేసిన పులిహోర, రెండు వందల అడుగులు నడిచి మీ గేటు దగ్గరికి వెళ్ళేసరికి బయటి ఆహారం ఎలా అయిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

మా అమ్మగారికి శనివారం ఒక్కపొద్దు. ఆ రోజు ఉదయం టిఫిన్ ముట్టరు, రాత్రి అన్నం తినరు, మధ్యాహ్నం ఒక్క పూటే భోజనం. మూడు పూటలకూ డబ్బు కట్టిన మనిషి తినగలిగిన ఆ ఒక్క పూటే మీ కూపన్ పనికిరాని పూట అయింది. ఆవిడ ఒక్కపొద్దు ఉంటారని బుకింగ్ చేసేటప్పుడే మీ సిబ్బందికి ఫోన్‌లో చెప్పి ఆవిడను పథకం నుంచి తప్పించమన్నాను. గదిలో ఉన్నవాళ్ళందరికీ తీసుకోవాలి తప్ప విడిగా వీలుకాదన్నారు. ఆచారం మాది కాబట్టి ఆవిడ వదిలేసిన టిఫిన్‌కు, రాత్రి భోజనానికి నేనేమీ అడగడం లేదు.

ఆ ఫోన్ సంభాషణలోనే కూపన్లు పార్కు లోపల చెల్లుతాయా అని కూడా అడిగాను. అన్నీ ఇన్‌క్లూడెడ్ సార్, మీరేం ఆలోచించక్కర్లేదు అన్నది నాకు వచ్చిన జవాబు. మీ వెబ్‌సైటులో పథకం పక్కన టిక్కు ముందే పెట్టి ఉంటుంది. వద్దనుకున్నవాళ్ళు దాన్ని వెతికి తీసేయాలి. కింద ఉన్న నిబంధనలు నేను మొత్తం చదివాను. కూపన్ పార్కులో చెల్లదన్న మాట వాటిలో ఎక్కడా లేదు. ఆ మాట కూపన్ వెనక రబ్బరు స్టాంపుతో వేసి ఉంది. కూపన్ చేతికి వచ్చేది డబ్బు కట్టాక, రిసార్టుకు చేరాక.

ఇక లెక్క విషయానికి వస్తాను. పథకం ధర పెద్దలకు రోజుకు రూ. 1,500, పిల్లలకు రూ. 900. భోజనశాల బయట మీరే పెట్టిన పట్టిక ప్రకారం, విడిగా కొంటే పెద్దలకు టిఫిన్ రూ. 350, మధ్యాహ్న భోజనం రూ. 600, రాత్రి భోజనం రూ. 650. పిల్లలకు ఇవే వరుసగా రూ. 200, 375, 400. మూడు పూటలూ తప్పకుండా తింటే పెద్దవారికి రోజుకు రూ. 100, పిల్లలకు రూ. 75 మిగులుతుంది. మీరు ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసిన ఆదా ఇంతే. ఒక్క మధ్యాహ్నం తప్పిపోతే పెద్దవారికి రూ. 600 పోతుంది, అంటే ఆరు రోజుల ఆదా ఒక పూటతో సమాప్తం. పథకం తీసుకోకుండా, మేం తినగలిగిన రెండు టిఫిన్లు, రెండు రాత్రి భోజనాలు ఐదుగురికీ విడిగా కొనుక్కున్నా రూ. 8,400 అయ్యేది. నేను కట్టినది రూ. 12,600. తేడా రూ. 4,200. ఆ రెండు మధ్యాహ్నాలూ బయట తిన్న తిండికి అయిన రూ. 1,840 ఇందులో కలపలేదు, ఎందుకంటే పథకం లేకపోయినా ఆ ఖర్చు తప్పేది కాదు.

రిసార్టులోనే రోజంతా ఉండి, ఈత కొలను దగ్గర కాలక్షేపం చేసేవాళ్ళకు ఈ పథకం గిట్టుబాటు కావచ్చు. టిఫిన్లు నిజంగా బాగున్నాయి, వేడి ఇడ్లీలు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా తెచ్చారు. పార్కు టికెట్టుతో వచ్చేవాళ్ళకు మాత్రం ఇది నష్టమే. హోటళ్ళ వ్యాపారంలో టిఫిన్ ఒక్కటే ఉండే సీపీ, టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం ఉండే ఎంఏపీ, మూడు పూటలూ ఉండే ఏపీ అని పథకాలు ఉన్న సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. పార్కు పక్కన ఉన్న రిసార్టుకు అతికినట్టు సరిపోయేది ఎంఏపీ. మీరు అమ్మేది ఏపీ ఒక్కటే. అమెరికాలో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ 2020లో ఆపేసిన భోజన పథకాన్ని 2024 జనవరిలో మళ్ళీ మొదలుపెట్టింది. అక్కడ కూడా గదిలోని మూడేళ్ళు నిండిన అందరికీ పథకం తీసుకోవాలి. కానీ ఆ భోజనాలను పార్కుల లోపలి హోటళ్ళలో కూడా వాడుకోవచ్చు, ఒక పూట వదిలేసినది గది ఖాళీ చేసే రోజు అర్ధరాత్రి వరకు చెల్లుతుంది. అంత దూరం ఎందుకు, మా ఊళ్ళో మెడికల్ కాలేజీ దగ్గర మెస్సులో నెల టికెట్లు కొన్న విద్యార్థి ఒక పూట ఊరెళితే ఆ టికెట్టును మర్నాడు ఇచ్చినా అన్నం పెడతారు.

డబ్బు తీసుకుని, వాడుకునే వీలులేని సేవను అంటగట్టడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపంగాను, అనుచిత వ్యాపార పద్ధతిగాను నేను భావిస్తున్నాను. కొనుగోలుదారు అడగని వస్తువునో సేవనో బిల్లులో ముందే చేర్చడాన్ని బాస్కెట్ స్నీకింగ్ అంటారు. 2023 నవంబరు 30న వెలువడిన డార్క్ ప్యాటర్న్‌ల (ఆన్‌లైన్‌లో కొనుగోలుదారును తప్పుదారి పట్టించే ఎత్తుగడల) మార్గదర్శకాలు నిషేధించిన పదమూడు పద్ధతుల్లో అదొకటి. మీరు ముందే పెట్టి ఉంచిన టిక్కును ఆ దృష్టితో ఒకసారి పరిశీలించండి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రూ. 4,200 నేను చెల్లించిన ఖాతాకే జమ చేయాలని, పార్కు లోపల కూపన్ చెల్లని విషయాన్ని ధర పక్కనే కనిపించేలా రాయాలని, ఆ టిక్కు తీసేయాలని కోరుతున్నాను. తదుపరి బసలో వాడుకునే డిస్కౌంట్ వోచర్ పంపితే తీసుకోను. గడువులోగా జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ తర్వాత కర్నూలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకునే వీలు 2019 చట్టంలో ఉంది, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. కాబట్టి దూరాభారమని నేను వదిలేస్తానని దయచేసి అనుకోవద్దు.

బుకింగ్ రసీదు, చెల్లింపు వివరాలు, మీ ధరల పట్టిక ఫోటో, చింపని పది మధ్యాహ్న కూపన్ల నకళ్ళు ఈ లేఖతో జతచేశాను. అసలు కూపన్లు నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
భవదీయుడు
(సంతకం)