లేసు అల్లేవాళ్లకూ యాభై ఏళ్లకే పింఛను ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

నరసాపురంలో మా వీధి మామ్మగారు ఈమధ్యే పోయారు. ఎనభై దాటిన మనిషి. పేరు వేయొద్దని ఇంట్లోవాళ్లు అన్నారు, అందుకని రాయడం లేదు. ఎలాగూ వీధిలో అందరం లేసు మామ్మ అనే పిలిచేవాళ్లం. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచి ఎగుమతుల గురించి పత్రికల్లో తరచూ చదువుతున్నాం, సంతోషిస్తున్నాం. ఆ లేసు అల్లిన ఒక మనిషి గురించి కూడా నాలుగు మాటలు అచ్చవ్వాలని నా కోరిక.

ఈ పని 1844 ప్రాంతంలో మిషనరీలతో మా వైపు వచ్చిందంటారు. మామ్మకు మాత్రం వాళ్లమ్మ నేర్పింది. ఆడవాళ్లు పొలం పనికి వెళ్తే పరువు పోతుందనుకునే ఇల్లు. గుమ్మం దాటకుండా చేసుకునే పని కాబట్టి మగవాళ్లు అడ్డు చెప్పలేదు. పెళ్లయి మా వీధికి వచ్చాక కూడా మానలేదు. మధ్యాహ్నం అంట్లు తోమి, వంటిల్లు సర్ది, వెలుతురు బాగా పడే వీధి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేవారు. దీపాలు పెట్టే వేళ దాకా ఆ చెయ్యి ఆగేది కాదు.

ఏజెంటు దారం కండెలు ఇచ్చి వెళ్లేవాడు, మళ్లీ వచ్చి అల్లినవి పట్టుకెళ్లేవాడు. పువ్వులు అల్లడాన్ని చేతిపని అంటారు, వాటిని కలిపి టేబుల్ క్లాత్‌గానో దుప్పటిగానో చేయడాన్ని అతుకుపని అంటారు. మామ్మది చేతిపని. తన పువ్వులు ఏ గుడ్డలో చేరాయో, ఏ దేశం వెళ్లాయో ఆమె ఎన్నడూ చూడలేదు. కూలి కండె లెక్కన. ఎన్ని గంటలు కూర్చుందో ఎవరూ అడగరు. మాసిందనో, దారం తగ్గిందనో కోత పెడతారు. గట్టిగా అడిగితే మళ్లీ దారం ఇవ్వరు. అందుకే చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకుంటే గానీ సూది ముట్టేవారు కాదు. ఆవకాయ కలిపిన రోజైతే అసలు పట్టేవారే కాదు.

ఆమెకు చదువు రాదు. అయినా కొత్త నమూనా ఇస్తే కళ్ల దగ్గర పెట్టుకుని, పోగులు లెక్కపెట్టుకుని, అచ్చం అలాంటిదే అల్లేసేవారు. ఆ డబ్బుతోనే కూతుర్ని డిగ్రీ దాకా చదివించారు. "ఖాళీగా ఉండలేక ఏదో అల్లుకుంటుంది" అని ఇంటికొచ్చిన చుట్టాలు అంటే మాత్రం ఆమెకు చాలా కష్టంగా ఉండేది. "ఖాళీ ఎక్కడిదమ్మా నాకు?" అని నా దగ్గర వాపోయేవారు.

యాభై నిండకముందే చూపు మందగించింది. తెల్ల దారం మీద ఏళ్ల తరబడి కళ్లు పెట్టి చేసే పని మరి. వృద్ధాప్య పింఛను చేతికొచ్చే నాటికి ఆమె సూది పక్కన పెట్టి చాలా కాలమైంది. ఆ మధ్య కాలమంతా కూతురు పంపితే గడిచింది.

మన రాష్ట్రంలో చేనేత, కల్లుగీత, మత్స్యకార వృత్తుల వారికి 50 ఏళ్లకే పింఛను ఇస్తున్నారు. ఒళ్లు త్వరగా అరిగిపోయే పనులు కాబట్టి అది న్యాయమే. ఆ వరుసలో లేసు అల్లేవాళ్లు లేరు. వీళ్లు 60 వచ్చేదాకా ఆగాలి. కేంద్రం హస్తకళాకారులకు ఇచ్చే పహచాన్ కార్డు మా వీధిలో నాకు తెలిసి ఒక్కరికీ లేదు. మామ్మ మరణం నమోదు చేయించేటప్పుడు కూడా వృత్తి దగ్గర గృహిణి అనే రాశారు. నాకు మనసు చివుక్కుమంది. బతుకంతా కూలికి పనిచేసిన మనిషి ఆమె.

ఒకపక్క మిషన్ లేసు చవగ్గా దొరుకుతోంది, ఇంకోపక్క ఈ కూలికి మా పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు. ఇప్పటికీ అల్లుతున్నవాళ్లు చాలామంది యాభై దాటినవాళ్లే. సచివాలయ సిబ్బంది నరసాపురం, పాలకొల్లు వైపు ఇల్లిల్లూ తిరిగి వీళ్ల పేర్లు లేసు కార్మికులుగా రాసుకోవాలి, 50 ఏళ్లకే పింఛను ఇవ్వాలి. నరసాపురం పేరుతో ఎగుమతి చేసేవాళ్లు కూడా ఏజెంటు చేతికి కాకుండా అల్లినవాళ్ల ఖాతాలోనే కూలి వేయాలి.

మామ్మ నమూనాలు ఒక పాత చీర ముక్కలో మూటకట్టి ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఎవరైనా చూసి ఫోటోలు తీసుకుంటామంటే ఇవ్వడానికి ఆమె కూతురు సిద్ధంగా ఉంది. అధికారులు గానీ, కాలేజీల వాళ్లు గానీ మీ పత్రిక ద్వారా కబురు చేస్తే, ఆ ఇంటికి నేనే దగ్గరుండి తీసుకెళ్తాను.

ఇట్లు,
రిటైర్డ్ ఉపాధ్యాయిని, నరసాపురం